అట్లతద్ది నాటి చెమట

ఈ మధ్య ఒక గురువారం పొద్దున్న ఫ్రిజ్ తలుపు తీస్తూ ఇన్సులిన్ సీసా జారవిడిచాను. వంటింటి గచ్చు మీద టప్పున పగిలింది. బొటనవేలంత సీసా, అందులో ఉన్నది రెండు చెంచాల మందు, అయినా క్షణంలో వంటిల్లంతా ఆ వాసన కమ్ముకుంది. తెలియనివాళ్ళకి దాన్ని ఎలా చెప్పను? ఫినాయిలుకి దూరపు చుట్టంలా ఉంటుంది, అప్పుడే విప్పిన పట్టీ గుడ్డలా ఉంటుంది, నా మటుకు నాకు మా అమ్మ చీర కుచ్చిళ్ళలా కూడా ఉంటుంది, ఎందుకంటే సూది వేసిన ప్రతిసారీ అమ్మ చేతులు అక్కడే తుడుచుకునేది. గుడ్డ పట్టుకుని తుడవడానికి కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉండిపోయాను.

ఆ రోజు ఆ వాసన అంతగా మీద పడడానికి కారణం ఉంది. దానికి నెల ముందు స్కూల్లో తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతూ, ఒకే అంకెను బోర్డు మీద మళ్ళీ మళ్ళీ, సుద్దముక్క అరిగిపోయేదాకా రాస్తూ నిలబడ్డానట. పిల్లలు ముందు నవ్వారట, తరవాత భయపడ్డారట. నాకు గుర్తున్నదల్లా స్టాఫ్ రూములో ఎవరో పంచదార ఎక్కువేసిన కాఫీ చేతికివ్వడం, నేను ‘బీపీ తగ్గిందండీ’ అనడం. బీపీ కాదు, నా మొహం. తొమ్మిదో ఏట నుంచీ నాకు షుగరు. పెద్దవాళ్ళకి వచ్చే రకం కాదు. ఒంట్లో ఇన్సులిన్ బొత్తిగా తయారు కాని రకం, సూది లేనిదే రోజు గడవని రకం. మందు కాస్త ఎక్కువైనా, తిండి కాస్త ఆలస్యమైనా రక్తంలో చక్కెర పడిపోతుంది. పడిపోయే ముందు ఒళ్ళు చెమటతో, వణుకుతో, గుండెదడతో హెచ్చరిస్తుంది. ఏళ్ళ తరబడి చెప్పి చెప్పి విసుగెత్తిందేమో, నా ఒళ్ళు చెప్పడం మానేసింది. రాజమండ్రిలో నన్ను చూసే డాక్టరు గారు మొహమాటం లేకుండా అనేశారు: “మీకు తెలీకుండానే పడిపోతున్నారండీ. ఏదో ఒక రోజు లేవరు. పంపు పెట్టించుకోండి.”

పంపు అంటే అగ్గిపెట్టెకి కాస్త పెద్దదైన ఒక మిషను. నడుముకి తగిలించుకుంటే సన్నటి గొట్టం గుండా చర్మం కిందికి ఇన్సులిన్ బొట్టుబొట్టుగా పంపుతుంది. చేతికి అంటించిన సెన్సరు చక్కెరని కనిపెడుతూ ఉంటుంది; పడిపోతోందనిపిస్తే మిషను తనంతట తనే మందు ఆపి, గట్టిగా మోగుతుంది. శనివారంలోగా ఏ సంగతో తేల్చి చెప్పమన్నారు. ఆ మోగడం దగ్గరే నేను ఆగిపోయాను. ఇరవై రెండేళ్ళుగా స్కూల్లో ఒక్కరికి కూడా చెప్పని సంగతిని నడుముకి కట్టుకుని, అది కూతలు పెడుతుంటే అందరి మధ్యా తిరగాలా? “ప్రాణం కంటే ఎక్కువా?” అని మావారు అడిగితే సమాధానం చెప్పకుండా లేచి వెళ్ళిపోయాను. చెప్పాలంటే ఒక అట్లతద్ది గురించి చెప్పాలి.

మా ఊరు ద్రాక్షారామానికి మూడు మైళ్ళు. నాన్నది వరి వ్యవసాయం. ఇంట్లో అమ్మ, నాన్న, నాన్నని కన్న మామ్మ, నేను. మా వీధి చివరే పంటకాలువ. వేసవిలో కట్టేసిన కాలువలోకి జూన్‌లో నీళ్ళు వదిలారని తెలిస్తే పిల్లలమంతా వంతెన మీదికి పరిగెత్తేవాళ్ళం, ఎర్రటి నీళ్ళు ఎండుటాకుల్నీ కొబ్బరిడొక్కల్నీ ముందుకు తోసుకుంటూ, నురగ కక్కుకుంటూ వచ్చి మా కాళ్ళ కిందనుంచి పోతుంటే గుండెలు ఝల్లుమనేవి. ఆ తరవాత నారుమళ్ళ పచ్చివాసన, దమ్ము చేసిన చేలలో కొంగల బారులు, ఊడ్పుల నాడు ఇంటికి వచ్చే కూలీల తడిసిన గోనెసంచి ముసుగుల వాసన, చలి తగిలేసరికి దొడ్లో తేగలు కాల్చిన పొగ. ఏ కాలానికి ఆ వాసన ఉండేది, ఏ వాసనకి ఆ తిండి ఉండేది.

నాకు తొమ్మిదో ఏడు వచ్చిన వేసవిలో దాహం పట్టుకుంది. మామూలు దాహం కాదు. అమ్మ కుండ నింపడం, నేను ఖాళీ చెయ్యడం. పరికిణీ బొందు ఎంత బిగించినా జారిపోయేది. దొడ్లో నేను కూర్చుని లేచిన చోట చీమలు బారులు తీరడం ముందుగా చూసింది మామ్మే. “దీని ఒంట్లోంచి పంచదార పోతోందిరా అబ్బాయ్” అని నాన్నతో అంది. నాన్న నవ్వేశాడు. నాలుగు రోజుల తరవాత కాకినాడ ఆసుపత్రిలో నేను తెలివి లేకుండా పడి ఉంటే, అలా నవ్వినందుకు నాన్న గోడకి తల ఆనించుకుని ఏడ్చాడని అమ్మ తరవాత ఎన్నోసార్లు చెప్పింది.

ఆసుపత్రి నుంచి వచ్చాక మా వంటింట్లో ఒక మూల నాదైపోయింది. వీధి మొత్తానికి ఫ్రిజ్ ఉన్న ఇల్లు లేదు. మంచినీళ్ళ కుండ పక్కనే ఇంకో చిన్న కుండ పెట్టి, సగానికి తడి ఇసక నింపి, అందులో ఇన్సులిన్ బుడ్డి దాచేది అమ్మ. పొద్దున్నా సాయంత్రం ఆ ఇసక తడపడం దేవుడి గదిలో దీపం పెట్టడమంత నియమంగా చేసేది. గాజు సిరంజినీ, చూస్తేనే ప్రాణం గిలగిల్లాడే లావుపాటి సూదినీ గిన్నెలో వేసి కుంపటి మీద మరగబెట్టేది. మరిగే నీళ్ళలో అవి టకటకా కొట్టుకునే చప్పుడుతోనే నాకు తెల్లవారేది. దానికి ముందు పరీక్ష ఒకటి: గాజు గొట్టంలో నీలం మందు పోసి, నా ఉచ్చ ఎనిమిది చుక్కలు వేసి, స్పిరిటు దీపం మీద కాచేది. నీలంగానే ఉంటే బంగారం. ఆకుపచ్చైతే పరవాలేదు. పసుపు తిరిగితే అమ్మ పెదవి కొరుక్కునేది. ఇటుకరంగు వచ్చిందంటే ఆ పూటంతా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు.

తీపన్నది నాకు కంటికి మాత్రమే మిగిలింది. వేసవిలో చాపల మీద పొరలు పొరలుగా ఆరే మామిడి తాండ్ర, కోసిన గదినే కాదు వీధిని కూడా మత్తెక్కించే పనసతొనలు, శ్రావణంలో నేతిగుంట పెట్టిన వేడివేడి బూరెలు, అన్నీ నా ముందునుంచి దాటిపోయేవి. పెద్దాపురం మరిడమ్మ తీర్థానికి తీసుకెళ్తే నాన్న మా మేనత్త పిల్లలకి జీళ్ళు కొని నాకు గాజులు కొనేవాడు. ఆ ఏడాది నా చేతుల నిండా గాజులే, పలక పట్టుకుంటే ఒకటే గలగల. మామ్మకి పూతరేకులంటే ప్రాణం. అవి కూడా మానేసింది. ఎవరైనా తెచ్చిస్తే “పళ్ళు జివ్వుమంటున్నాయే” అని పక్కింటికి పంపించేసేది. నోట్లో పెడితే కరిగిపోయే పూతరేకుకి పళ్ళు జివ్వుమనడమేమిటో ఎవరూ అడగలేదు.

ఇదంతా గుమ్మం లోపలి మాట. గుమ్మం బయట చెప్పింది వేరు: పిల్లకి రక్తం తక్కువ, బలానికి సూదులు. ఈ కథ కట్టింది మామ్మే. ఆడపిల్ల, ఈ జబ్బు పేరు ఊళ్ళో పడితే రేపు ఎవరు చేసుకుంటారన్నది ఆవిడ బెంగ. తన నెత్తి మీద నా చెయ్యి పెట్టించుకుని ఒట్టు వేయించుకుంది. ఆ నెరిసిన జుట్టు కింద తల వెచ్చగా ఉండేది, నేను నోరు విప్పితే ఆ తల పగిలిపోతుందని నిజంగానే నమ్మాను.

పదకొండో ఏట ఆశ్వయుజంలో చిక్కొచ్చిపడింది. దసరా వెళ్ళిన వారానికి అట్లతద్ది. మా వీధి ఆడపిల్లలకి ఆ పండగకి పెద్దదిక్కు ఎదురింటి సత్యవతి అత్తయ్య. ఆవిడ దొడ్లో పనసచెట్టుకే ఉయ్యాల వేసేవారు. అంతకు ముందు రెండేళ్ళూ సరిగ్గా ఆ రోజుకి నాకు జ్వరమని అమ్మ చెప్పింది. మూడో ఏడు ఆవిడ నేరుగా వచ్చి మా అరుగు మీద కూర్చుంది.

“ఏంటి వదినా, ప్రతి అట్లతద్దికీ మీ పిల్లకి జ్వరమేనా? పదకొండేళ్ళొచ్చాయి. ఈ ఏడైనా నోము పట్టిస్తారా, లేదా ఏంటి?”

అమ్మ మామ్మ మొహంకేసి చూసింది. మామ్మ చేటలో బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే, “పట్టిస్తాంలే సత్యవతీ. ఎందుకు పట్టించం?” అంది.

నోమంటే తెల్లవారకముందే తినేసి, మళ్ళీ సాయంత్రం చందమామని చూసి, గౌరీదేవికి అట్లు నైవేద్యం పెట్టేదాకా ఏమీ ముట్టకూడదు. సూది మానడానికి వీల్లేదు, డాక్టరు ఖండితంగా చెప్పారు. సూది వేసుకుంటే తినకుండా ఉండడానికి వీల్లేదు. నోము పట్టకపోతే వీధికి అనుమానం. అమ్మ రెండు రోజులు మథనపడి ఒక ఉపాయం పన్నింది. “పదింటికల్లా ఏదో వంకన ఇంటికొచ్చెయ్యాలమ్మడూ. ధాన్యం గదిలో గిన్నె కింద ఇడ్లీలు పెడతాను. తలుపేసుకుని తినేసి, మూతి కడుక్కుని వెళ్ళిపో. అమ్మవారికి నేను చెప్పుకుంటాను” అంది. నేను తల ఊపాను.

ముందు రోజు సాయంత్రం గోరింటాకు రుబ్బి, చేతులకీ కాళ్ళకీ పెట్టి, ఆకులు చుట్టింది మామ్మ. తెల్లవారుజామున లేచేసరికి అది అరచేతుల్లో ఎర్రగా పండి, మట్టివాసనేస్తోంది. అమ్మ సూది వేసింది. నిన్నటి అన్నంలో గోంగూర పచ్చడీ, ముద్దపప్పూ, పచ్చి ఉల్లిపాయ కొరుక్కుంటూ గడ్డపెరుగూ తిన్నాం పిల్లలమంతా, సత్యవతి అత్తయ్య వసారాలో బారుగా కూర్చుని. తెల్లారేసరికి వీధంతా మాదే. ఒకర్నొకరు తరుముకోవడం, కాలువ గట్టున దాగుడుమూతలు, ఎండెక్కాక ఉయ్యాల. కొత్త పరికిణీ గాలికి బుట్టలా లేస్తుంటే పనసచెట్టు ఆకులు కాళ్ళతో తన్నడం. అంతమంది పిల్లల్లో ఒకదాన్నై ఆడుకోవడం రెండేళ్ళలో నాకదే మొదటిసారి.

పది అయింది. అమ్మ వీధిలోకి వచ్చి, దండెం మీద ఆరిన చీరే మళ్ళీ ఆరవేస్తూ నాకేసి చూసింది. నేను చూడనట్టు ఉయ్యాల ఎక్కాను. ఇది నేను ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, అమ్మకి కూడా. ఆటలో పడి మరిచిపోయానని చెప్పాను. మరిచిపోలేదు. నోము నిష్ఠగా చేస్తే కోరుకున్నది అమ్మవారు ఇచ్చి తీరుతుందని అత్తయ్య అంది. మిగతా పిల్లలు మంచి మొగుణ్ణి అడుగుతారు. నేను సూది మాన్పించమని అడగాలనుకున్నాను. గది చాటున ఇడ్లీలు తిని దొంగనోము చేస్తే అమ్మవారు ఎందుకిస్తుంది? అందుకని వెళ్ళలేదు.

పదకొండు దాటాక ఉయ్యాల తాడు పట్టుకున్న చేతులు చెమటకి జారడం మొదలెట్టాయి. వీపు తడిసి జాకెట్టు అంటుకుపోయింది. పెదవుల చుట్టూ తిమ్మిరి, మోకాళ్ళలో వణుకు, గుండె చెవుల్లో కొట్టుకోవడం. అది ఏమిటో నాకు బాగా తెలుసు. ఇంటికీ నాకూ మధ్య వీధి దాటే దూరం. “ఏంటే, అలా చెమటలు కక్కుతున్నావు?” అని ఎవరో పిల్ల అడిగింది. “ఎండ” అన్నాను. ఆ మాట అన్నట్టు గుర్తుంది, ఆ తరవాత పనసచెట్టు తలకిందులవడం గుర్తుంది.

మిగతాది వాళ్ళూ వీళ్ళూ చెప్పగా విన్నది. ఉయ్యాల మీంచి జారిపడ్డాను. ఆడవాళ్ళంతా చుట్టూ మూగారు. ఒకరు మొహాన నీళ్ళు కొట్టారు, ఒకరు అరికాళ్ళు రుద్దారు, ఎండదెబ్బన్నారు, గాలి సోకిందన్నారు. రక్తం తక్కువ పిల్ల కదా అని తలా ఒక వైద్యం. సరిగ్గా అప్పుడే అమ్మ ధాన్యం గదిలో గిన్నె ఎత్తి, ఇడ్లీలు పెట్టినవి పెట్టినట్టే ఉండడం చూసి కెవ్వుమందట. మామ్మ అట్లపిండి రుబ్బుతోంది. పిండి చేతులతోనే దేవుడి గదిలోకి వెళ్ళి, అమ్మవారి నైవేద్యానికి విడిగా తీసి ఉంచిన బెల్లం అచ్చు పట్టుకుని, వీధిలో ఏనాడూ పరిగెత్తి ఎరగని మనిషి పరిగెత్తుకొచ్చింది.

సత్యవతి అత్తయ్య అడ్డంపడింది. “నోట్లో ఏం పెట్టకండి పిన్నీ! నోములో ఉంది పిల్ల. చందమామ రాకుండా తింటే అరిష్టం.”

“అరిష్టం నా నెత్తిన పడనీ!” అని అరిచిందట మామ్మ. “దీనికి షుగరు జబ్బే! రెండేళ్ళ నుంచీ సూదుల మీద బతుకుతోంది నా తల్లి! లేవండే, తప్పుకోండే!”

దేవికి ఇంకా పెట్టని బెల్లాన్ని నీళ్ళతో నలిపి నా చిగుళ్ళకి రాస్తూనే ఉందట, నేను కళ్ళు తెరిచేదాకా. కళ్ళు తెరిస్తే నాకు కనిపించింది ఆ పిండి చేతులూ, ఆవిడ వెనక వీధి వీధంతా నిలబడి నన్ను చూడడం. సాయంత్రం అందరూ పదకొండేసి అట్లూ బెల్లం ముక్కలూ పట్టుకుని చందమామకి ఎదురుచూస్తుంటే మా ఇంటి తలుపులు వేసి ఉన్నాయి. నాన్న పొలం నుంచి వచ్చి, సంగతి విని, నా కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

మర్నాటి నుంచీ నేను వీధికి పాపం పిల్లనయ్యాను. పేరంటానికి వెళితే నా చేతిలో పెట్టబోయిన అరిసెని చటుక్కున వెనక్కి లాక్కునేవారు, “పాపం” అని. బళ్ళో పంతులమ్మ పరుగుపందెంలోంచి తప్పించింది, పాపమని. ఆ మాటంటే నాకు ఒళ్ళు మండిపోయేది. సూది నొప్పి ఒక్క క్షణం, ఇది రోజంతా. ఆ కోపమంతా మామ్మ మీదికి తిప్పాను. ప్రాణం పోసిన మనిషి మీద. “బెల్లమేదో పెట్టి ఊరుకోక, ఎందుకు అరిచావు?” అని ఒక రోజు నిలదీశాను. “అరిచేదాకా దారివ్వలేదే అమ్మడూ” అంది ఆవిడ. మొహం తిప్పుకున్నాను. నేను ఇంటర్ చదువుతుండగా ఆవిడ పోయింది. అప్పటిదాకా ఆ తిప్పుకున్న మొహం సరిగ్గా ఇటు తిప్పలేదు. సిగ్గుగా ఉంది రాయడానికి.

ఉద్యోగం రాగానే నేను చేసిన మొదటి పని మళ్ళీ ఆ పాత కథ కట్టుకోవడం. కొత్త ఊరు, కొత్త మనుషులు, ఎవరికీ తెలియదు. మావారికి పెళ్ళికి ముందే తెలుసు, మా వీధి చెప్పకుండా ఉంటుందా! ఆయన ఆ సంగతి విని, “అయితే మన ఇంట్లో పంచదార ఎక్కువ కాలం వస్తుంది” అన్నారట, అందుకే చేసుకున్నాను. ఆయన పట్టిసీమ ఎత్తిపోతల దగ్గర పని చేస్తారు, పొద్దున్న వెళితే చీకటి పడేదాకా రారు. పగలంతా నన్ను కాసింది అమ్మ. పదకొండింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి ఊరినుంచి ఫోన్ చేసేది. కూరేంటి, పిల్లలు బాగా చదువుతున్నారా అని అడిగేది గానీ వినేది మాత్రం నా గొంతు. నాకంటే ముందు తనకి తెలిసేది. “మాట సాగుతోందమ్మడూ, ముందు ఏదైనా నోట్లో వేసుకో” అనేది. రెండేళ్ళ కిందట అమ్మ పోయింది. పోయాక గాని అర్థం కాలేదు, ఒళ్ళు హెచ్చరించడం ఎప్పుడో మానేసిందని, ఆ పని అమ్మ చేస్తోందని.

పంపు సంగతి చెప్పిన రోజే డాక్టరు గారు దాని వాడకం చూపించే అమ్మాయి దగ్గరికి నన్ను పంపారు. పాతికేళ్ళుంటాయేమో, అమలాపురం వైపు పిల్ల. చెబుతూ చెబుతూ ఉండగా ఎక్కడో కీచుమని మోగింది. చూస్తే ఆ పిల్ల నడుముకే ఒక పంపు. “ఒక్క నిమిషమండి మేడమ్, షుగర్ లో అవుతోంది” అని సంచీలోంచి గ్లూకోజ్ బిళ్ళలు తీసి, వేరుశనగలు తిన్నట్టు కరకరా నమిలేసి మళ్ళీ చెప్పడం మొదలెట్టింది. గది నిండా జనం. నేనే చుట్టూ చూశాను, ఎవరైనా చూస్తున్నారేమోనని. “అందరూ అడగరూ?” అన్నాను. “అడుగుతారండి. చెప్తాను. ఒక నిమిషం పాపం అంటారు, తర్వాత వాళ్ళ పని వాళ్ళదండి” అంది. ఒక నిమిషమట! ఇరవై రెండేళ్ళు భయపడ్డానే నేను.

ఆ గురువారం గచ్చు మీద చతికిలబడి ఇవన్నీ తలుచుకుంటూంటే ఏడుపొచ్చింది. పదకొండేళ్ళప్పుడు ఒళ్ళు గొంతు చించుకుని చెప్పింది, నేను ఎండ అన్నాను. మొన్న క్లాసులో ఒళ్ళు ఒక్క మాట చెప్పలేదు, నేను బీపీ అన్నాను. చిన్నదాన్ని, నోము మీద ఆశపడ్డాను. ఇప్పుడు నలభై ఆరేళ్ళ దాన్ని, దేని మీద ఆశపడి దాస్తున్నాను? గాజుముక్కలు ఏరి పారేసి, చేతులు కడుక్కుని, శనివారం దాకా ఆగకుండా డాక్టరు గారికి ఫోన్ చేసి పెట్టించుకుంటానని చెప్పాను. సాయంత్రం మావారికి చెబితే ఆయన వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకున్నారు.

మా ఊళ్ళో ఆ పనసచెట్టు లేదు, సత్యవతి అత్తయ్య దొడ్డి రెండు వాటాలై రెండు డాబాలు లేచాయి. అట్లతద్దికి వీధిలో పరిగెత్తే ఆడపిల్లలు లేరు. ఆ తెల్లవారుజామున ఎవరింట్లోనైనా దీపం వెలిగితే అది ట్యూషనుకి లేచిన పిల్లదే. కుండలో తడి ఇసక, నీలం మందు, మరిగే సూది చప్పుడు, వాటిని ఎరిగిన నాన్న, మామ్మ, అమ్మ, ఎవరూ లేరు. ఆ చెమట కూడా పోయింది. ఒకప్పుడు దాన్ని ఎంత అసహ్యించుకున్నానో! అది ఇక తిరిగి రాకపోవచ్చునంటున్నారు.

పంపు పెట్టిన మర్నాడు, చీర కుచ్చిళ్ళ పక్కన అది అందరికీ కనిపించేలాగే తగిలించుకుని స్కూలుకి వెళ్ళాను. మొదటి పీరియడ్ ఆ తొమ్మిదో తరగతికే. పుస్తకం తెరవకముందే చెప్పాను, నాకు షుగర్ ఉందని, మీ అందరికంటే చిన్నగా ఉన్నప్పటి నుంచీ ఉందని, ఆ రోజు జరిగింది బీపీ కాదని. ముందు బెంచీలో అమ్మాయి చెయ్యి ఎత్తింది.

“మీకే తెలీకపోతే మాకెలా తెలుస్తుంది మేడమ్?”

“ఇది మోగుతుందమ్మా. మోగితే నా సంచీలో గ్లూకోజ్ బిళ్ళలుంటాయి, తీసి నా చేతిలో పెట్టండి. పడిపోతే మాత్రం నోట్లో ఏమీ పెట్టకుండా ఆఫీసు రూముకి పరిగెత్తండి.”

“చేతిలో పెడితే మీరు వద్దంటే?”

ముప్ఫయ్యేడేళ్ళుగా నన్ను ఎరిగున్నదానిలా అడిగింది ఆ పిల్ల.

“వద్దనే అంటాను,” అన్నాను. “నాకేం లేదు, బాగానే ఉన్నానంటాను. మీరు నమ్మకండి.”